నాటకశాలలో నవ్వు

నాటకమును ఆడువారు నటులు. దానికి తీర్పు చెప్పువారు ప్రేక్షకులు. సికిందరాబాదు, హైదరాబాదు జంటనగరములలోని చిన్న శాలలలో కొన్ని సంవత్సరములుగా ఒక క్రొత్త తరహా నాటకము ఈ తీర్పరుల యెదుటికి వచ్చుచున్నది. ఇరువురు పురుషుల నడుమనో, ఇరువురు స్త్రీల నడుమనో కలిగిన ప్రేమ యందలి వస్తువు. రంగాలంకరణము స్వల్పము, నటులు నలుగురైదుగురు, చూడవచ్చువారును కొలదిమందియే. శాల చిన్నదైనను ప్రశ్న చిన్నది కాదు. ఇట్టి నాటకము జరుగుచుండగా మనము నవ్వవలెనా, లేచిపోవలెనా, వినవలెనా?

పూర్వము ఈ ప్రశ్న మనకు లేకుండెను. తీర్పు చెప్పు భారమును పరప్రభుత్వమే వహించియుండెను. 1860లో ఆంగ్లేయులు విధించిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఇట్టి సంబంధమును నేరముగా నెంచెను. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టము తమకు నచ్చని నాటకమును ఆపుటకు అధికారులకు హక్కు నిచ్చెను. వయస్సు వచ్చిన పురుషులు ఏకాంతమున నడపుకొను సంబంధమును ఇంగ్లండు, వేల్సులలో దొరలు 1967లోనే నేరముల పట్టికనుండి తొలగించుకొనిరి. వారు మనకు తగిలించి పోయిన సంకెలను మనము మాత్రము మఱి యేబదియొక్క సంవత్సరములు ధరించి తిరిగితిమి. 2009లో ఢిల్లీ హైకోర్టు దానిని సడలించెను. 2013లో సుప్రీముకోర్టు మరల బిగించెను. తుదకు 2018 సెప్టెంబరు 6వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము, వయోజనులు పరస్పర సమ్మతితో నడపుకొను సంబంధము నేరము కాదని తీర్పు చెప్పెను. 1876 నాటి చట్టమును ఆ 2018లోనే రద్దయ్యెను. రెండు సంకెలలు ఒక్క యేట తెగినవి. దొరల చట్టమునుండి విడిపడిన నాటకము ఇపుడు మన చేతికి వచ్చినది.

ఇట్టి ప్రదర్శనములలో ప్రేక్షకులు మూడు తెగలుగా విడిపోవుట సహజము. ప్రేమను చెప్పుకొను ఘట్టము రాగానే కొందఱు కిలకిల నవ్వుదురు. కొందఱు కుర్చీలు చప్పుడగునట్లు లేచిపోవుదురు. కొందఱు కదలక మెదలక విని, దీపములు వెలిగిన పిమ్మట ఎవ్వరితోను మాటాడక బయటికి నడతురు. లేచిపోవువారిని మేము తప్పుపట్టము; నచ్చని నాటకమును విడిచిపోవుట ప్రేక్షకుని హక్కు. సిగ్గుచేతను తొట్రుపాటుచేతను పెదవి దాటిన చిఱునవ్వునుగూడ మన్నింపవచ్చును. మన్నింపరానిది గేలిచేయు నవ్వు. నటుడు వేషము తుడిచికొని యింటికి పోవును. ఆ నవ్వు వానికి తగులదు. తల్లితోగాని తండ్రితోగాని చెప్పుకొనలేని తన మాటను మొదటిసారి నలుగురి నడుమ వినుచు, ప్రక్క కుర్చీలో కూర్చున్న యువకునకు తగులును. వానికి ఆ సభయే సంఘము.

ఇట్టి నాటకము మన సంప్రదాయమునకు విరుద్ధమని కొందఱు పెద్దలు వాదింతురు. వారి వాదమును మేము తేలికగా త్రోసివేయము. అయితే వారొక విషయమును జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా రంగమెక్కినపుడు ఆంధ్రదేశము పరవశమయ్యెను. 1956లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. కృష్ణుడును పురుషుడే, సత్యభామయును పురుషుడే యని తెలిసియు ఆ ప్రణయకలహమును చూచి సభలు తన్మయమయ్యెను. ఇంతమాత్రమున నాటి ప్రేక్షకులు పురుషుల ప్రేమను ఆమోదించిరని మేము చెప్పుట లేదు. అది వేషము, ఇది వస్తువు. రెంటికిని భేదము గలదు. కాని నటుని శరీరమును దాటి పాత్రయొక్క హృదయమును చూడగల శక్తి తెలుగు ప్రేక్షకునకు గలదనుట మాత్రము దీనివలన రుజువగుచున్నది. ఆ శక్తి గలవాడు నేడు ఇరువురు యువకులు రంగముపై చేయి చేయి కలిపినంతనే పకపక నవ్వినచో, అది అలవాటు చేసిన పని.

మనసులోని మాట చెప్పుకొనలేకపోవుటవలన నష్టము ఆ యువకునికొక్కనికే యైనచో, మన గృహస్థులు ఊరకుండవచ్చును. కాని అట్లు లేదు. మహేశ్ దత్తానిగారు ఆంగ్లమున రచించిన ‘ఆన్ ఎ మగ్గీ నైట్ ఇన్ ముంబయి’ నాటకము 1998లో ముంబయిలో ప్రదర్శింపబడెను. అందు కమలేశ్ అను యువకుడు తనను విడిచిపోయిన ప్రియుని మఱవలేక కుమిలిపోవుచుండును. ఆ ప్రియుడు లోకమునకు వెఱచి, వేఱు పేరు పెట్టుకొని, పెండ్లికి సిద్ధపడును. వధువు ఎవ్వరోకాదు, కమలేశ్ తోబుట్టువే. ఒక పాత ఛాయాపటము బయటపడుటతో గుట్టు రట్టగును. ఏ పాపమెఱుగని ఆ సోదరియే అందఱికంటె మోసపోయినది.

ఇట్టి పెండ్లిండ్లు మన గ్రామములలోను పట్టణములలోను జరుగుట లేదని గుండెపై చేయి వైచుకొని చెప్పగలవా రెవ్వరు? కుమారుడు పెండ్లి వలదనును. తల్లి కన్నీరు పెట్టును. తండ్రి వంశమనును, పొలమనును, నలుగురిలో తల యెత్తుకొనుట యెట్లనును. ముహూర్తము నిశ్చయమగును. ఆ పందిటిలో తల వంచుకొని కూర్చున్నది మఱియొకరి బిడ్డ. ఆమెకు నిజము చెప్పినవారు లేరు. కొన్నియేండ్లకు ఆమె పుట్టినిల్లు చేరును. లేదా లోపము తనయందే యున్నదని జీవితాంతము కుములును. కుమార్తెలు గల పాఠకులు ఈ విషయమును ఆలోచింపవలెను.

పెండ్లి పేర జరుగు అన్యాయమును రంగమెక్కించుట తెలుగువారికి క్రొత్త గాదు. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన 1034 శుల్కవివాహముల పట్టికను విజయనగర మహారాజావారు సిద్ధము చేయించిరి. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడెను. పట్టిక కాగితములలో నుండిపోయెను. నాటకము జనుల హృదయములలో ప్రవేశించెను. ఆ నాటకమున నవ్వు పిల్లనమ్ముకొను తండ్రిపైనను దొంగ సంస్కర్తపైనను ప్రసరించెనుగాని, అమ్ముడుపోవు పిల్లపై ప్రసరింపలేదు. నవ్వు ఎవ్వరిపై పడవలెనో ఆ నాటకకర్త యెఱుగును, మనమును ఎఱుగవలెను.

నవ్వు గాయపఱచునని మనకు తెలియకపోలేదు. కాళ్ళకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధించెను. అందలి సుబ్బిసెట్టి పాత్ర తమను అవమానించుచున్నదని ఆర్యవైశ్యులు మొఱపెట్టుకొనిరి, ప్రభుత్వము చెవియొగ్గెను. ఆ నిషేధము తగునా తగదా అనునది వేఱు చర్చ. కాని దశాబ్దములుగా మన చలనచిత్రములు ఆడతనము తోచు పురుషుని నిలువబెట్టి నవ్వించుచున్నవి. అతని మొఱను వినినవా రెవ్వరు? మేము నిషేధమును కోరుట లేదు. రంగమునుండి ఏ పాత్రను వెడలగొట్టుటయు మాకు సమ్మతము కాదు. చిత్రించునపుడు మనుష్యునిగా చిత్రింపుడని మాత్రము కోరుచున్నాము.

ఇట్టి జంటల వివాహమునకు గుర్తింపు నిచ్చుట చట్టసభల పని యని 2023 అక్టోబరు 17వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. కనుక దేశములో చర్చ ముగియలేదు. మా పాఠకులలో అటువారును ఇటువారును ఉందురు, ఉండవలసినదే. కాని వినక చేయు చర్చ చర్చ కాజాలదు. విజయ్ తెండూల్కర్‌గారు ఒక స్త్రీ మఱియొక స్త్రీని ప్రేమించిన కథను ‘మిత్రాచీ గోష్ట’ అను పేర 1981లోనే మరాఠీ రంగముపైకి తెచ్చిరి. తెలుగున అట్టి రచనలు మిక్కిలి అరుదు. ఆంగ్లమునను హిందీలోను ఆడిన నాటకమును కళాశాలల యువకులు చూతురు. వారి తలిదండ్రులు చూడరు. వినవలసినవారి భాషలో మాట లేకున్నచో ఆ మాట చేరు టెట్లు?

సికందర్ జా పేర 1806లో వెలసిన సికిందరాబాదులో తెలుగు, ఉర్దూ, తమిళము, మరాఠీ, ఆంగ్లము ఒక్క బజారులో వినవచ్చును. ఇన్ని భాషల నాలకించిన యూరు ఈ మాట నాలకింపలేకపోదు. మన నాటకకర్తలు ఈ వస్తువును తెలుగున వ్రాయవలెను. శాలల యాజమాన్యములు వెఱపు లేక తావీయవలెను. గృహస్థులు దంపతులుగా పోయి చూడవలెను. నచ్చనిచో బయటికి వచ్చి ఎంతయైనను విమర్శింపుడు, పత్రికలకు వ్రాయుడు. తెర లేచియున్నంతసేపు మాత్రము ప్రక్క కుర్చీలోనివాడు మన యింటి బిడ్డయే కావచ్చునని యెంచి వినుడు.