ఆద్యయా? ఆధ్యయా?

ఇటీవల బాలికలకు పెట్టుచున్న నామములలో ఒకటి మిక్కిలి ప్రచారములో ఉన్నది. కొందరు దానిని ‘ఆద్య’ అనియు, కొందరు ‘ఆధ్య’ అనియు వ్రాయుచున్నారు. ‘ఒత్తు ఉన్ననేమి, లేకున్ననేమి, పిలుచుటకు రెండును ఒకటియే గదా’ అను మాట నామకరణ సమయమున తరచుగా వినబడును. ఈ మాట సరికాదు. అల్పప్రాణ మహాప్రాణముల భేదము అలంకారము కాదు; అక్షరము మారినచో అర్థమే మారును.

‘ఆద్యా’ అనగా ఆదియందు ఉన్నది, సమస్తమునకు మూలమైనది. శాక్తసంప్రదాయమున కాళికి ఇది ప్రసిద్ధనామము. లలితా సహస్రనామములోని ‘ఆదిశక్తిః’ అను నామమునందును ఈ భావమే కలదు. సంస్కృతమున దీర్ఘాంతమైన సీతా శబ్దము తెలుగున ‘సీత’ అయినట్లే, ‘ఆద్యా’ శబ్దము ‘ఆద్య’ అగును. ‘ఆఢ్యా’ అను వేరొక శబ్దము కలదు. ‘ధనాఢ్యుడు’ అను మాటలో ఉన్నది అదియే; సంపన్నురాలని అర్థము. అదియు శుభమే. ఇక ‘ఆధ్యా’ అనుదానికి ధ్యానార్థక ధాతువునుండి వ్యుత్పత్తిని లాగవచ్చును. కాని ‘ఆదిశక్తి పేరు పెట్టితిమి’ అని చెప్పుకొను తల్లిదండ్రులు కోరిన అర్థము అందు లేదు. పైగా వినువానికి మనోవ్యథను తెలుపు ‘ఆధి’ శబ్దము స్ఫురించును.

ఈ ఒత్తు ఎక్కడినుండి వచ్చినది? ఆంగ్లలిపిలో దకారమునకు ప్రత్యేకాక్షరము లేదు. ‘డి’ మాత్రమే వ్రాసినచో డకారముగా చదువుదురేమో అని మనవారు ప్రక్కన ‘హెచ్’ చేర్చుదురు. అందు దోషము లేదు. ఆ ఆంగ్లరూపమును చూచి మరల తెలుగులోనికి ‘ధ’ అని దించుటయే దోషము. జనన ధ్రువపత్రము నామమునకు నీడ వంటిది. నీడను చూచి దేహమును దిద్దుకొనుట వివేకము కాదు.

‘నక్షత్రము ప్రకారము ఆకారము రావలెను’ అందురు. కృత్తికా ప్రథమపాదమునకు ఆకారము చెప్పబడిన మాట నిజమే. అయితే ఆ నియమము మూడు రూపములకును సమానమే గనుక, వానిలో ఒకదానిని అది నిర్ణయింపజాలదు. ఆపస్తంబ గృహ్యసూత్రము కన్యానామమునకు బేసి సంఖ్యగల అక్షరములను విధించినది. దానిని పాటింపదలచినవారు ‘ఆద్యశ్రీ’ అని పెట్టవచ్చును. స్త్రీనామము సుఖముగా పలుకదగినదై, స్పష్టమైన అర్థము కలదై, మంగళకరమై ఉండవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. అర్థస్పష్టతయే ఇచ్చట నిర్ణాయకము.

‘భగవంతుడు భావగ్రాహి, అక్షరములను లెక్కించునా?’ అను ఆక్షేపము కలదు. లెక్కింపడు, సత్యమే. తెలియక తప్పుగా పలికిన భక్తునికి అది అభయము. తెలిసియు దిద్దుకొననివానికి అది సాకు కారాదు. అర్చకుడు సంకల్పమున పలుకునది, తండ్రి బియ్యములో ఉంగరముతో వ్రాయునది, ఆ బిడ్డ జీవితాంతము ధరించునది ఆ నామమే గదా!

ఇదివరకే ‘ఆధ్య’ అని పెట్టినవారు భయపడవలసిన పనిలేదు. దోషపరిహారముల పేర వ్యయమును చేయనక్కరలేదు. కాగితములలోని ఆంగ్లాక్షరములను అట్లే ఉండనిచ్చి, తెలుగున ‘ఆద్య’ అని వ్రాసి, ఇంటను ఆలయమునను అట్లే పిలిచిన చాలును. బిడ్డకు ఊహ తెలిసిన పిదప ఆ నామార్థమును తల్లి స్వయముగా చెప్పవలెను.