బాబాయిగారి కంప్యూటరుకి నాడి చూశాం

ఉప్పు తగ్గించమని కిందటి నెల రాసినందుకు ఆవకాయ ప్రియులు కొందరు మా మీద అలిగినట్టు తెలిసింది. అంచేత ఈ నెల మనుషుల జబ్బుల జోలికి పోవడం లేదు. ఒక కంప్యూటరు జబ్బు గురించి రాస్తున్నాం. డాక్టరుకి కంప్యూటరు గొడవ ఎందుకని నవ్వకండి. మన ఎడ్మంటన్‌లోనే 1995లో బయోవేర్ అనే కంప్యూటరు ఆటల కంపెనీ పెట్టినవారిలో ముగ్గురు, రే ముజైకా, గ్రెగ్ జెస్చుక్, ఆగస్టీన్ యిప్, వైద్యం చదివినవాళ్ళే. మేము వాళ్ళంతటివాళ్ళం కాము. మాకు తెలిసింది కాకినాడలో నేర్చుకున్న వైద్యం, ఆ తరవాత ఇక్కడి పరీక్షల కోసం మళ్ళీ నేర్చుకున్న అదే వైద్యం.

రోగి పేరు అమీగా 500. కమొడోర్ కంపెనీవారు 1987లో విడుదల చేసిన ఇంటి కంప్యూటరు. టొరంటోలో టైపురైటర్ల వ్యాపారంగా మొదలైన ఆ కంపెనీ 1994లో దివాలా తీసింది. యంత్రం మాత్రం మిల్‌వుడ్స్‌లో ఒక పెద్దాయన బేస్‌మెంటులో దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. ఆయన్ని మేమంతా బాబాయిగారనే పిలుస్తాం.

ఆ బేస్‌మెంటులోనే ఒకప్పుడు శనివారాలు పిన్నిగారు పిల్లలకు తెలుగు చెప్పేవారు. 1989లో వాళ్ళబ్బాయి ఆ కంప్యూటరుకి మైకు తగిలించి అమ్మ గొంతు అయిదు డిస్కుల్లోకి ఎక్కించాడు. పిన్నిగారు పోయి ఆరేళ్ళయింది. వీడియోలు తీసినప్పుడల్లా ఆవిడ కెమెరా వెనకే ఉండిపోయారట. గొంతు మిగిలింది ఆ డిస్కుల్లోనే.

“డిస్కు పెట్టి వింటే సరి కదా?” అని మీరు అడగవచ్చు. మేమూ అడిగాం. ఒక్కో డిస్కు 880 కిలోబైట్లు. ఆ యంత్రానికున్న జ్ఞాపకం 512 కిలోబైట్లే. పైగా అమీగా డిస్కు రాత పద్ధతి వేరు. మామూలు కంప్యూటరు డ్రైవు దాన్ని చదవలేదు. ముప్ఫై ఏళ్ళు దాటిన అయస్కాంతపు పూతను తిప్పిన కొద్దీ అరిగే ప్రమాదమూ ఉంది. ఒక్కసారి చదివి, ఆ చదివింది ఇప్పటి మెమరీ కార్డులోకి దింపుకోవాలి. అందుకని బాబాయిగారు 2022లో పైస్టార్మ్ అనే వేగవర్ధక కార్డు తెప్పించి, బిగించే ధైర్యం లేక అలమరలో పెట్టారు. ఈ జనవరిలో ఆ పని మా నెత్తిన పడింది.

ఆ కార్డు సంగతి కాస్త చెప్పాలి. అమీగా మెదడు మోటరోలా 68000 అనే 64 కాళ్ళ చిప్పు. అది సెకనుకి సుమారు 70 లక్షల టిక్కులతో నడుస్తుంది. దాన్ని పీకేసి ఆ గూట్లో కార్డు పెడతారు. కార్డు నెత్తిన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు కూర్చుంటుంది. దాని వేగం 140 కోట్ల టిక్కులు, అంటే ముసలి యంత్రానికి ఇన్నూరు రెట్లు. ఇద్దరి నడకా కలవదు, భాషా కలవదు. మధ్యలో దుబాసీగా ఒక చిన్న చిప్పు ఉంటుంది. ఆ దుబాసీ ఏ కాలితో ఏం వినాలో, ఎప్పుడు ఏం చెప్పాలో నేర్పే రాతనే ఫర్మ్‌వేర్ అంటారు. ఊరినుంచి వచ్చిన అత్తగారిని ఇక్కడి డాక్టరుకి చూపించడానికి వెంట వెళ్ళే కోడలి వంటిదన్నమాట. ఆవిడ తప్పు చెబితే ఇద్దరిలో ఎవరికీ రోగం లేకపోయినా వైద్యం సాగదు.

బిగించే ముందు పాత చిప్పుతోనే యంత్రం వేసి చూశాం. చేత్తో డిస్కు పట్టుకున్న బొమ్మ వచ్చింది. రోగి ఆరోగ్యవంతుడే. తరవాత ఆ చిప్పు తీసి కార్డు పెట్టాం. తెర నల్లగా ఉండిపోయింది.

అమీగా పుట్టుకతోనే తన జబ్బు తాను చెప్పుకుంటుంది. ఎర్ర తెర వస్తే రామ్‌లో కాదు, రోమ్‌లో దోషం. పచ్చ తెర వస్తే జ్ఞాపకంలో. పసుపు వస్తే మెదడు తడబడిందని. నలుపంటే అసలు మాటే లేదు. పవరు దీపం కూడా మసకగానే ఉండిపోయింది. అంటే ఒక్క ఆజ్ఞయినా నడవలేదన్నమాట.

ఇక్కడే మేము తప్పటడుగు వేశాం. కాళ్ళు వంగాయేమోనని కార్డు తీసి పెట్టాం. మెమరీ కార్డు మార్చాం. అదే ఊపులో కరెంటు పెట్టే కూడా మార్చాం. ఒకేసారి మూడు మందులు రాసి, ఏది పనిచేసిందో తెలియని వైద్యుడిలా తయారయ్యాం. బయట సున్నాకి ముప్ఫై కింద చలి, లోపల ఎండిపోయిన గాలి. కార్పెట్ మీద నాలుగడుగులు వేసి ఇనుము ముట్టుకుంటే చిటుక్కుమనే రోజులవి. ఆ చిటుక్కుతోనే చిప్పు చచ్చిందేమోనని మాకు గుండె జారింది. ఈ పని తలపెట్టేవారు ముందు కార్పెట్ లేని గదిలోకి వెళ్ళండి. భూమికి కలిపిన లోహాన్ని ముట్టుకుని మొదలుపెట్టండి.

మర్నాడు బుద్ధి తెచ్చుకుని ఒక్కొక్కటే చూశాం. చిన్న కంప్యూటరు తీగను టీవీకి కలిపితే దాని బొమ్మ చక్కగా వచ్చింది. అది బతికే ఉంది. ముసలి యంత్రం బాగుందని ముందే చూశాం. మిగిలింది మధ్యనున్న దుబాసీ. ఫర్మ్‌వేర్ మళ్ళీ ఎక్కించాం. తెరమీద గబగబా నలభై వరుసలు పరుగెత్తి ఆగాయి. “అయిపోయింది” అనుకుని పెట్టి చూస్తే మళ్ళీ నలుపే.

అప్పుడు బాబాయిగారు టీ గ్లాసు చేతికిచ్చి మెల్లిగా అన్నారు. “మొదటిరోజే చెప్పబోయాను బాబూ. ఆ డబ్బాలో ఒక చీటీ ఉంది. చిప్పులు దొరక్క వేరే నంబరుది వేశామని రాశారు. నువ్వు వినకుండా స్క్రూడ్రైవరు అడిగావు.”

మేము మా సంచిలోంచి చెవులు చూసే దీపం తీసి, దాని భూతద్దంలోంచి చిప్పు మీది రాత చదివాం. ఈపీఎం 240. మేము ఎక్కించింది 570కి రాసిన ఫర్మ్‌వేర్. తెరమీది నలభై వరుసలు ఈసారి మొదటినుంచీ చదివాం. చిప్పు గుర్తింపు సంఖ్య సరిపోవడం లేదని మూడో వరుసలోనే ఉంది. యంత్రమూ చెప్పింది, మనిషీ చెప్పాడు. విననిది మేమే.

1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్ల గదుల్లో సంభాషణలు రికార్డు చేసి చూశారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడని తేలింది. ఇది మేము చదువుకున్నదే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. బాబాయిగారికి మేము అయిదు సెకన్లు కూడా ఇచ్చినట్టు లేదు.

సరైన ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి నిమిషం పట్టలేదు. తెర ముదురు బూడిద రంగు, లేత బూడిద రంగు, తెలుపు, ఆ వరసలో మారి డిస్కు అడిగింది. అయిదు డిస్కుల్లో నాలుగు పూర్తిగా చదవగలిగాం. అయిదోది సగంలో ఆగిపోయింది. బాబాయిగారు దాన్ని మళ్ళీ తిప్పనివ్వలేదు. “ఉన్నంతే చాలు” అన్నారు.

మొదటి డిస్కులో ఏ పద్యమో పాటో వస్తుందని మేము ఎదురుచూశాం. వచ్చింది గరగరమనే మైకులో పిన్నిగారి కేక: “బూట్లు మెట్ల దగ్గరే విప్పారా అర్రా? కార్పెట్ తడిపితే ఊరుకోను!”

మేమిద్దరం అప్రయత్నంగా మా కాళ్ళకేసి చూసుకున్నాం. బాబాయిగారు నవ్వి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, “మళ్ళీ పెట్టు” అన్నారు.

ఇంట్లో ఇలాంటి పాత డిస్కులూ టేపులూ ఉన్నవారు ఈ చలికాలంలోనే అటక దించండి. దించేటప్పుడు పక్కనున్న పెద్దవాళ్ళు ఏదైనా చెప్పబోతే స్క్రూడ్రైవరు కింద పెట్టి వినండి. వచ్చే నెల మళ్ళీ ఉప్పు సంగతికే వస్తాం. ఆవకాయ ప్రియులు క్షమించాలి.