మూడంగుళాల చేప, మూడేళ్ల తర్వాత

గత వేసవిలో కొత్తపేటలోని మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టె ఎదుట ఇంటిల్లిపాదీ కూర్చుని వాదించుకుంటున్నారు. తొట్టెలో ఉన్నది ఒకే ఒక్క చేప. నల్లని వీపు, తెల్లని పొట్ట, ఎర్రని తోక, నోటి ముందు పొడవాటి మీసాలు. అది ఈ కొస నుండి ఆ కొసకు వచ్చి, తిరగడానికి చోటు చాలక, ఒంటిని విల్లులా వంచి, మూతిని అద్దానికి రాసుకుంటూ వెనుదిరుగుతోంది. ఆ రాపిడికి పై పెదవి తెల్లగా పుండుపడింది.

మూడేళ్ల క్రితం ఆ ఇంటి పిల్లవాడు ఈదీ డబ్బులన్నీ కూడబెట్టి కొనుక్కున్న చేప అది. పేరు రెడ్‌టైల్ క్యాట్‌ఫిష్. కొన్నప్పుడు పాలిథిన్ సంచిలో మూడంగుళాలు. ఆ తర్వాత తొట్టెలోని మిగతా చేపలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఎక్కడికి పోయాయో అర్థం కావడానికి ఇంట్లోవారికి కొంతకాలం పట్టింది. ఇప్పుడది రెండడుగులు దాటింది. తండ్రి కువైట్‌లో ఉంటారు. ఫోనులో చేపను చూసి ఆయన ముచ్చటపడతారు కాని, వారంవారం నీళ్లు మోసేది తల్లి.

పిల్లవాడి మామూ ఒక పరిష్కారం చెప్పారు. “జూన్‌లో కాలువకు నీళ్లు వదలగానే ఒక జుమా రోజు చూసుకుని దీన్ని కాలువలో విడిచిపెడదాం. ఒక ప్రాణిని చెర నుండి విడిపించిన సవాబు దక్కుతుంది” అన్నారు. అంతటితో ఆగక, పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టక, తానుగా వెతుక్కుని తినడానికి విడిచిపెట్టకా చంపిన స్త్రీకి పడిన శిక్షను గురించిన హదీసును కూడా గుర్తుచేశారు. “చూడండి, విడిచిపెట్టకపోవడమే కదా అక్కడ నేరం!” అన్నారు. పిల్లవాడు మాట్లాడలేదు. వాడికి చేపను వదులుకోవడం ఇష్టం లేదు. దాని పెదవి చూస్తే మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఫత్వా చెప్పే స్థానం మాది కాదు. అయినా మామూ గారి వాదనలో ఒక మాట మాకు నిలవలేదు. పిల్లిని విడిచిపెడితే అది తన నేలమీదనే తిరుగుతుంది. అక్కడి ఎలుకలూ పురుగులూ అనాదిగా దాని ఆహారమే. ఈ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఓరినోకో నదీ ప్రాంతాలు. కొత్తపేట కాలువ దాని ఇల్లు కాదు. దానిని అందులో వదిలితే విడుదల దీనికి, శిక్ష మాత్రం ఆ నీటిలో ముందు నుండీ బతుకుతున్న ప్రాణులకు.

కోనసీమ నీళ్లు ఎవరివో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, కాలువలూ మురుగు కాలువలూ కొబ్బరితోటల బోదెలూ చేపల చెరువులూ ఒకదానికొకటి అల్లుకుని ఉన్న నేల ఇది. వేటాడే పెద్ద చేపలు ఇక్కడ లేకపోలేదు. వాలుగ మనిషి పొడవు మించి పెరగగలదు. పండుగప్ప ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరుగుతూ రొయ్యలనూ చిన్నచేపలనూ మింగుతుంది. కొర్రమేను సంగతి సరేసరి. అయితే వీటితో ఇక్కడి పరిగెలకూ జెల్లలకూ ఎన్నో తరాల పరిచయం. ఎప్పుడు దాక్కోవాలో, ఎక్కడ గుడ్లు పెట్టాలో వాటికి తెలుసు. కొత్తగా వచ్చిన దొరతో ఆ పరిచయం ఉండదు.

“ఒక్క చేప ఏం చేస్తుంది?” అన్నారు మామూ. న్యాయమైన ప్రశ్నే. ఒంటరి చేప పిల్లలను పెట్టలేదు. కాని ప్రతి ఇంటివారూ ఆ మాటే అనుకుంటారు. తొట్టె అద్దాలకు పట్టిన పాచిని నాకుతుందని చెప్పి దుకాణాలలో అమ్మే సక్కర్ చేపను తీసుకోండి. దానినీ ఎవరో ఒక్కదానినే వదిలి ఉంటారు. ఈనాడు తెలుగు రాష్ట్రాల చెరువులలో, కాలువలలో మత్స్యకారులు దానిని దెయ్యం చేప అంటున్నారు. గట్టి పెంకులాంటి ఒళ్లు, ముళ్ల రెక్కలు. వలలో పడితే వల చిరుగుతుంది, అమ్ముదామంటే కొనేవారుండరు. తూర్పు కనుమల నీటివనరులలో అది ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లను పరీక్షించే పద్ధతిని రూపొందించవలసి వచ్చింది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలోనే నిషేధించింది. అయినా మన జిల్లాలలో దొంగచాటు చెరువులను అధికారులు ధ్వంసం చేసిన వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాము.

చేతులారా వదలకపోయినా, వరద వదులుతుంది. 2018 ఆగస్టులో కేరళను ముంచెత్తిన వరదల తర్వాత చాలకుడి నదిలో జాలరుల వలలకు అరపైమాలు పడ్డాయి. అమెజాన్‌లో రెండు మీటర్లు మించి పెరిగే చేప, ఎవరి పెంపకపు చెరువుల నుండో గట్టు దాటి వచ్చింది. 2023లో భోపాల్ పెద్ద చెరువులోనూ శ్రీనగర్ దాల్ సరస్సులోనూ మొసలి మూతి గల ఎలిగేటర్ గార్ దొరికింది. అది ఉత్తర అమెరికా చేప. అక్కడికి నడిచి రాలేదు కదా! 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మన లంక గ్రామాలలో చెరువేదో వీధి ఏదో తెలియలేదు. పెరట్లో మూతలేని తొట్టెలో అటువంటి చేప ఉండి ఉంటే, అది ఏ రోజున వైనతేయలోకి వెళ్లిందో ఇంటివారికే తెలిసేది కాదు.

అసలు చిక్కు కొనేటప్పుడే మొదలవుతుంది. సంచిలో కనిపించే చేపను చూస్తాము కాని, అది కాబోయే చేపను చూడము. రెడ్‌టైల్ నాలుగడుగులకు పెరుగుతుంది, పదిహేనేళ్లకు పైగా బతకగలదు. వెండి అరోవానా సుమారు మూడడుగులు. ఎలిగేటర్ గార్ రెండు మీటర్లు దాటుతుంది, యాభై ఏళ్లు మించి జీవించగలదు. కొన్న పిల్లవాడు తాత అయ్యేవరకు అన్నమాట. ‘బేబీ షార్క్’ అని ముద్దుపేరు పెట్టి అమ్మే చేప షార్క్ కానే కాదు. మన గోదావరి జిల్లాల చెరువులలో కిలోల లెక్కన పెంచే పంగస్ అది. అడుగున్నర తొట్టెలో అది భయంతో అద్దాలకు కొట్టుకుంటూ ఉంటే, హుషారుగా ఉందని మురిసిపోతాము.

“తొట్టె ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుంది” అని దుకాణాలలో చెప్పే మాటను నమ్మవద్దని పాఠకులకు ప్రత్యేకంగా మనవి. ఇరుకు తొట్టెలో చేప ఎదుగుదల నిలిచిందంటే, మురికి నీటిలో దాని ఒళ్లు కుంగిపోతోందని అర్థం. వెన్ను వంకర పోతుంది, ఆయుష్షు తరుగుతుంది. అరోవానా ఇంట్లో ఉంటే వ్యాపారంలో బర్కతు కలుగుతుందని, అది చనిపోతే యజమాని మీదికి వచ్చే ఆపదను తాను తీసుకుందని చెప్పి అమ్మేవారూ ఉన్నారు. మన ఇళ్లలో కూడా ఆ మాట వినిపించడం విచారకరం. ఉపాధి ఇచ్చేవాడెవరో తెలిసినవారు చేప పొలుసులలో అదృష్టాన్ని వెతకడమేమిటి?

ఇంత చెప్పినా, పెంచడమే తప్పని మేము అనము. అనస్ (రజి) గారి చిట్టి తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆ పసివాడిని పిట్ట గురించి ఆప్యాయంగా పలకరించారు. పెంచుకున్నందుకు మందలించలేదు. కాబట్టి అడగవలసింది ఇది: దాని హక్కును చివరిదాకా తీర్చే శక్తి మనకుందా?

శక్తి అంటే ముందు స్థలం. తొట్టె పొడవునే అందరూ చూస్తారు, వెడల్పును చూడరు. చేప తన పొడవు కన్నా తక్కువ వెడల్పులో సుఖంగా తిరగలేదు. కొత్తపేట ఇంటి తొట్టె 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 లోతు. సుమారు 240 లీటర్లు. పూర్తిగా ఎదిగిన రెడ్‌టైల్‌కు కనీసం అయిదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, మీటరు లోతు ఉండాలని మా లెక్క. అంటే 12,500 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు కనుక, పన్నెండున్నర టన్నులు. మేడమీద పెట్టే మాట కాదు. ఆ మాటకొస్తే అది గదిలో పెట్టే తొట్టె కాదు, గదే.

తర్వాత నీరు. మాంసం తినే చేప ఎక్కువగా విసర్జిస్తుంది. అందులోని అమ్మోనియా విషం. దానిని తక్కువ హాని గల నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడడానికి వారాలు పడుతుంది. ఫిల్టరును కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగితే ఆ జీవులన్నీ చస్తాయి, మర్నాడు చేప పైకి తేలుతుంది. మన ఇల్లాళ్ల శుభ్రత ఇక్కడ కొంచెం సడలాలి. తొట్టె నుండి తీసిన నీటిలోనే దానిని మెల్లగా పిండాలి. వారానికొకసారి నాలుగో వంతు నీటిని మార్చాలి. పంచాయతీ నీటిలో బ్లీచింగు వాసన ఉంటే క్లోరిన్ విరుగుడు కలపాలి. రాజోలు దిగువన సముద్రం వైపు ఊళ్లలో బోరు నీటికి ఉప్పు తగులుతుంది కనుక పరీక్షించకుండా వాడరాదు. తుఫాను రోజులలో కరెంటు పోతే గంటలలోనే పెద్ద చేపకు ఊపిరాడదు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఇంట్లో ఉండి తీరాలి. అరోవానా ఎగిరి పురుగులను పట్టే చేప. బరువైన మూత లేకపోతే తెల్లవారేసరికి నేలమీద దొరుకుతుంది.

మేత విషయంలో ఒక మాట గట్టిగా చెప్పదలచాము. బతికిన గోల్డ్‌ఫిష్‌ను తొట్టెలో వేసి, వేటను పిల్లలకు తమాషాగా చూపించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది మానాలి. గోల్డ్‌ఫిష్ ఒంట్లోని ఒక పదార్థం బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది కనుక అదే మేతగా పెరిగిన చేప జబ్బు పడుతుంది. జబ్బులూ వాటితోపాటే వస్తాయి. అన్నిటికన్నా మించి, ఒక ప్రాణి ప్రాణభయాన్ని చూసి చప్పట్లు కొట్టడం పిల్లలకు నేర్పవలసిన విద్య కాదు. కోడి కాలేయం, వేట మాంసం కూడా తగవు. ఆ కొవ్వు చేపకు అరగదు. బజారులో దొరికే చిన్నచేపల ముక్కలు, రొయ్యలు, మునిగే గుళికల మేత చాలు. ఎదిగిన చేపకు వారానికి రెండు మూడుసార్లు పెడితే సరిపోతుంది. రెడ్‌టైల్ గులకరాళ్లను కూడా మింగేస్తుంది కనుక అడుగున రాళ్లు పరచరాదు.

చట్టం సంగతీ ఉంది. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలో ఉన్న అరపైమా, ఆసియా అరోవానా వంటివాటిని ఇంట్లో ఉంచుకున్నవారు 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. దుకాణదారు చెప్పలేదన్నది సమాధానం కాదు.

ఇక పెంచలేని స్థితి వస్తే? కొన్నచోటనే మొదట అడగాలి. సచివాలయంలోని మత్స్య సహాయకుడిని అడగాలి. పెద్ద తొట్టెలున్న పెంపకందారులు కొందరు తీసుకుంటారు. తొట్టెలో మందులు వాడి ఉంటారు కనుక కోసి వండుకోవడం క్షేమం కాదు. ఎవరూ తీసుకోక, చేప బాధపడుతూ ఉంటే, పశువైద్యుని సలహాతో దాని జీవితాన్ని నొప్పి లేకుండా ముగించడం కూడా కాలువలో వదలడం కన్నా మేలే. లవంగ నూనె చేపను మత్తులో ముంచుతుంది. మోతాదు పెరిగితే ఆ మత్తులోనే ఊపిరి ఆగుతుంది. చేపకు జబహ్ అవసరం లేదు. కాని ప్రాణం తీసేటప్పుడు కూడా జంతువును బాధించవద్దని, కత్తిని పదును పెట్టుకోమని ఆదేశించిన ప్రవక్త (సఅసం) మార్గంలో దానికి మినహాయింపు ఉంటుందనుకోము. ఈ మాట రాయడం మాకు కష్టంగానే ఉంది.

కొత్తపేటలో అంతదూరం రాలేదు. అమ్మిన దుకాణదారు మొదట ముఖం చాటేశాడు. నెలన్నర తిరిగాక, ఇంటి లోపలే పెద్ద సిమెంటు కుండీ కట్టించుకున్న ఒక పెంపకందారు ఒప్పుకున్నారు. నీళ్ల డ్రమ్ములో చేపను పెట్టి, బ్యాటరీ పంపు తగిలించి, ఆటోలో తీసుకువెళ్లారు. మామూయే డ్రమ్మును పట్టుకుని కూర్చున్నారట. కుండీలో వదలగానే అది అడుగుకు వెళ్లి, ఒక్కసారి గుండ్రంగా తిరిగిందని పిల్లవాడు ఫోనులో చెప్పాడు. వంగకుండా తిరగడం అది చూడటం వాడికి చాలాకాలం తర్వాత అదే మొదలు.

ఇప్పుడు వాడికి కొర్రమేనును పెంచాలని ఉంది. ఎర్రని పిల్లల గుంపు నీటిపై సుడులు తిరుగుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా కాయడం బోదెలో చూశాడట. ఇక్కడి చేప కనుక మాకు అభ్యంతరం లేదు. పెరట్లో వెడల్పాటి తొట్టె, పైన గట్టి వల ఉండాలని మాత్రం చెప్పాము. అది తడి నేలమీద పాకుతూ కూడా పోగలదు. గాజుతొట్టె ముందుగదిలో ఖాళీగా ఉంది. అమ్మేయమని నానీ రోజూ పోరుతున్నారు.