బోరు నీళ్లు తెప్పించండి, రికార్డులు కాదు

పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం, అయిదు గాఢతలు, అయిదు శోషణ విలువలు, వాటి మీదుగా గీసిన ఒక సరళరేఖ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలను బీర్-లాంబర్ట్ నియమం గురించి అడగండి, ఇదే చెప్తారు. ఆ విలువలు కూడా చాలాసార్లు సీనియర్ల రికార్డు నుంచి దిగినవే. మూడో దశాంశం దాకా ఒకే రీడింగు ఉన్న రికార్డులు నేను కళ్లారా చూశాను. గీత తిన్నగా ఉంది కాబట్టి సంతకం పడింది, సంతకం పడింది కాబట్టి మార్కులు పడ్డాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న మన నల్లగొండ నేల మీద కూర్చొని ఈ నియమాన్ని ఇలా చదివించడం నేరం. ఆ మాటను నేను తగ్గించను.

ఆగస్ట్ బీర్ 1825లో జర్మనీలోని ట్రియర్‌లో పుట్టాడు. 1863లో, 38 ఏళ్లకే, బాన్‌లో కన్నుమూశాడు. కాంతి ఒక పదార్థంలో ఎంత మందం దాటితే ఎంత తగ్గుతుందో అతనికి ముందే 1729లో బూగే, 1760లో లాంబర్ట్ చెప్పారు. బీర్ 1852లో రంగు ద్రావణాల్లో ఎర్ర కాంతి శోషణను కొలిచి, కరిగిన పదార్థం ఎంతుందన్న సంగతిని ఆ లెక్కలోకి తెచ్చాడు. దాంతో కంటికి కనపడని మోతాదును కాంతితో పట్టుకునే దారి దొరికింది. ఆ దారి అవసరమైన జనం ఎక్కడైనా ఉన్నారంటే అది మన ఉమ్మడి నల్లగొండలోనే.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీళ్లు కాచినా పోదు, పైగా నీరు ఆవిరై మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పిల్లల పళ్ల మీద మచ్చలు తేలి, పెద్దల నడుం వంగి, కీళ్లు బిగుసుకున్నాక గానీ బయటపడదు. దాన్ని పట్టే పరీక్షల్లో స్పాడ్న్స్ పద్ధతి ఒకటి. స్పాడ్న్స్ అనే రంగు పదార్థం జిర్కోనియంతో కలిసినప్పుడు ఎర్రగా ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది, ఎరుపు వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. పెద్ద యంత్రం లేకపోయినా ఆకుపచ్చ-పసుపు ఫిల్టరున్న కలరీమీటర్ చాలు. సామాను లేదనే సాకు ఇక్కడ చెల్లదు.

అయితే ఈ పరీక్ష తెలిసిన చెయ్యి అడుగుతుంది. లీటరుకు సుమారు 1.4 మిల్లీగ్రాముల దాకే ఈ పరీక్షలో గీసే గీత నమ్మదగింది. మన దేశ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వనరు లేకపోతేనే 1.5 దాకా ఓర్చుకోవాలి. 1.4 మించిన బోరు నీటిని పలుచన చేయకుండా కొలిచి రాసిన అంకె అబద్ధం. ఇంకొకటి ఉంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో రూపొందించి, మన జిల్లా పేరు పెట్టిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తొలగిస్తారు. పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగిలితే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది, పరీక్షలో ఫ్లోరైడ్ తక్కువగా కనిపిస్తుంది. ముందు స్వేదనం చేయకపోతే చెడ్డ నీళ్లకు మంచి నీళ్లని చీటీ రాసిచ్చినట్టే. ఈ ముక్క మన పిల్లల్లో ఎందరికి చెప్పారు?

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపుతో, నీళ్ల గోస దేశానికి వినపడాలని నామినేషన్లు వేశారు. ఎన్నికనే వాయిదా వేయాల్సి వచ్చింది. అంత పోరాడిన నేల ఇది. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పథకం నల్లాలు వచ్చాక ఇక బోర్ల ఊసెందుకు అంటున్నారు. నల్లా ఆగిన రోజు ఇంట్లో వంటకు ఏ నీళ్లు వాడుతున్నారు? పశువులు ఏ తొట్టిలో తాగుతున్నాయి? పొలం కాడ కూలీ చెంబు దేంట్లో ముంచుతోంది? వీధికో వాటర్ ప్లాంటు క్యాన్లు నింపుతోంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో క్యాన్ మీద రాసి ఉందా? నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారే మిర్యాలగూడ, కోదాడ మాగాణుల్లో కూడా కాలువ ఆగాక మోటార్లే దిక్కు.

ఈ ప్రశ్నలకు జవాబు మన కాలేజీ బల్లల మీదే ఉంది. పర్మాంగనేట్ గీతలు ఎన్ని గీసినా మన ఊరికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అదే విద్యార్థి తన వీధి బోరు నీళ్లు తెచ్చి కొలిస్తే, ఆ రీడింగు ఏ సీనియర్ రికార్డులోనూ దొరకదు. కాపీ కొట్టే వీలే ఉండదు.

లెక్చరర్లారా, వచ్చే ప్రాక్టికల్‌కు పిల్లల చేత ప్లాస్టిక్ సీసాల్లో ఊరి బోరు నీళ్లు తెప్పించండి, గాజు సీసాలు వద్దు. పలుచన చేయించండి, స్వేదనం చేయించండి, మీరే పక్కన నిలబడి రీడింగు తీయించండి. వచ్చిన అంకెను, బోరు ఉన్న చోటును, తేదీని రాసి, కాలేజీ పేరుతో పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించండి.