షోకేసులో పెట్టడానికా ఆ బొమ్మలు?

పోయిన ఆదివారం కరెంటు పోయి టీవీ లేక మా బాబు విసిగిస్తుంటే, "పోయి లెగోతో ఏదన్నా కట్టుకో" అన్నాను. వాడు షోకేసు ముందు నిలబడి అడిగాడు: "పుస్తకంలో లేనిది కడితే తప్పా అమ్మా?"

ఏడేళ్ళ పిల్లాడు!

తప్పు నాదే. వాడి పుట్టినరోజుకి మా తమ్ముడు ఫైరింజన్ సెట్టు తెచ్చాడు. పుస్తకం చూస్తూ రెండు గంటల్లో కట్టేశాడు. నేను ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, బండిని షోకేసులో పెట్టి తలుపు వేశాను. "ముట్టుకోకు నాన్నా, ఊడిపోతుంది" అన్నదీ నేనే. మూడు నెలలుగా అది మా పెళ్ళికొచ్చిన గాజు నెమలి పక్కనే ఉంది.

మా చిన్నప్పుడు లెగో పేరు కూడా తెలీదు. మావయ్య హైదరాబాద్ నుంచి ఓ డబ్బాడు బిల్డింగ్ బ్లాక్స్ తెచ్చాడు. ఎలా కట్టాలో చూపించే కాగితం మొదటి వారంలోనే చిరిగిపోయింది. అదే మా అదృష్టం. అక్కా నేనూ గోదావరి బ్రిడ్జి కట్టాం, బొమ్మల కొలువుకి మెట్లు కట్టాం, రైల్వే గేటైతే ఎన్నిసార్లో. ముక్కలు వదులైపోతే మధ్యలో కాగితం మడిచి బిగించేవాళ్ళం. "వడ్డిస్తున్నా, తీసేయండి" అని అమ్మ కేకేస్తే ఒక్క తాపు! కూలగొట్టడం కట్టడం కంటే బావుండేది.

లెగో అన్న పేరే "బాగా ఆడు" అనే అర్థమున్న డేనిష్ మాటల్లోంచి వచ్చింది. 1958లో పేటెంటుకి పెట్టిన ఇటుక ఇవాళ కొన్న ఇటుకకీ అతుక్కుంటుంది. ఎందుకు? మళ్ళీ మళ్ళీ ఊడదీసి కట్టడానికే కదా! ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి రెండుంటే 24 రకాలుగా కలపొచ్చు. ఆరుంటే 91,51,03,765 రకాలు. అవును, ఆరే. మనం ఒక్క రకం కట్టించి గాజు తలుపు వేసేస్తున్నాం.

"అంత డబ్బు పోసి కొన్నాం, ముక్క పోతే?" అంటారు. ఖరీదే, కాదనను. అంత పోసి కొన్నది రెండు గంటల ఆటకేనా మరి? ఇంకొందరు "బ్రెయిన్ డెవలప్ అవుతుందండీ, ఇంజనీరవుతాడు" అంటారు. పాపం, పిల్లాడు ఆడుకుంటుంటే కూడా ఎంసెట్టేనా! పెద్దవాళ్ళ కోసం 18+ అని రాసిన సెట్లు కూడా ఉన్నాయి, వాళ్ళు కట్టి దాచుకుంటే వాళ్ళిష్టం. నా గొడవ పిల్లల బొమ్మల గురించే.

షోకేసు తీసి ఫైరింజన్ ఊడగొట్టాను. వాడు బావురుమన్నాడు. నాకూ గుండె జారింది, నిజం చెప్పాలంటే. అయినా నేల మీద కూర్చుని రైల్వే గేటు మొదలెట్టాను. వంటింట్లోంచి మా అత్తయ్య "పప్పు మాడుతోందే, నీకీ వయసులో బొమ్మలేంటి?" అన్నారు. లేవలేదు. కాసేపటికి వాడు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "గేటుకి కర్ర కావాలిగా, నిచ్చెన పెడదాం" అని ఫైరింజన్ నిచ్చెన అందించాడు.

పప్పు మాడిపోయింది. పెరుగన్నం, ఆవకాయతో సరిపెట్టాం. గేటు ఇంకా హాల్లోనే ఉంది. నిన్న రాత్రి మా వారు తొక్కారు, ఉత్త కాళ్ళతో.