కల్లు దుకాణానికి రంగస్థలం మీద చోటు లేదా?

మా కళాశాల నాటక సంఘం సమావేశంలో నిరుడు వొక చిన్న వివాదం జరిగింది. ఐరిష్ రచయిత కానర్ మెక్‌ఫర్సన్ రాసిన ‘ది వియర్’ నాటకాన్ని మన పాలమూరు పల్లెకు మార్చి ఆడదామని కొందరు విద్యార్థులు తలపెట్టారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు వారు. ఐర్లండు పల్లెలోని మద్యశాలకు బదులు మన కల్లు కాంపౌండు పెట్టాలని వారి ఆలోచన. అభ్యుదయ సాహిత్యానికి చాలాకాలం సేవ చేసిన వొక పెద్దాయన లేచి, “నలుగురు తాగుబోతులు కూచుని దయ్యాల కథలు చెప్పుకుంటూ, వొకణ్ణి చూసి వొకడు కుళ్లుకుంటుంటే అది ప్రజానాటకం యెట్లా అవుతుంది?” అన్నారు. ప్రతిపాదన వీగిపోయింది.

ఆనాడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. యిప్పుడు చెప్పదలచాను. యెందుకంటే అది ఆయన వొక్కరి ప్రశ్న కాదు. మనలో పాతుకుపోయిన వొక అలవాటు ఆయన నోట పలికింది.

ముందు నాటకం సంగతి చూద్దాం. 1997లో లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్ దీన్ని మొదట ప్రదర్శించింది. ఐర్లండు వాయవ్య భాగంలో, వొక పల్లె మద్యశాలలో, వొక్క రాత్రి జరిగే కథ. జాక్ యాభయ్యోపడిలో పడ్డవాడు. మోటారు గ్యారేజి నడుపుతాడు. జిమ్ అతనికి పనిలో చేదోడు. యింట్లో ముసలితల్లిని చూసుకుంటాడు. బ్రెండన్ దుకాణదారు, పొలం అమ్మమని తోబుట్టువులు అతని ప్రాణం తీస్తుంటారు. ముగ్గురికీ పెళ్లిళ్లు లేవు. నాలుగోవాడు ఫిన్‌బర్. ఆ వూరివాడే. పట్నం పోయి హోటలు పెట్టి డబ్బు గడించాడు, పెళ్లి చేసుకున్నాడు. డబ్లిన్ నుంచి కొత్తగా వచ్చిన వేలరీ అనే స్త్రీని ఆ రాత్రి అతడే వెంటబెట్టుకొని వస్తున్నాడు. ఆమె యింకా గడప తొక్కకముందే అసూయ వచ్చి బల్లముందు కూచున్నది.

ఆడదాని కోసం మగవాళ్లు పడే యీర్ష్య అని దీన్ని కొట్టిపారేయటం తేలిక. నేను వొప్పుకోను. జాక్ కడుపుమంట వేలరీతో పుట్టింది కాదు. వొకే వూరి గాలి పీల్చి పెరిగిన యిద్దరిలో వొకడికి హోటలు యెట్లా వచ్చింది? రెండోవాడికి గ్యారేజియే యెందుకు మిగిలింది? యీ ప్రశ్న జాక్ గుండెలో యేళ్ల తరబడి వున్నది. దాన్ని అడగటానికి అతనికి భాష లేదు. భాష దొరకని ప్రశ్న దెప్పిపొడుపుగా, వెటకారంగా, తగాదాగా బయటికి వస్తుంది. స్నేహితుల మధ్య వర్గభేదం మొదటిసారి తలయెత్తే రూపమే అసూయ. అది గుడ్డిదే కావచ్చు, కాని అబద్ధం కాదు.

యిది ఐర్లండు సంగతేనా? వనపర్తి దగ్గర వొక కాంపౌండులో నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. యిద్దరు బాల్యస్నేహితులు. వొకడు గుంపు మేస్త్రీ అయినాడు. రెండోవాడు అతని దగ్గర అడ్వాన్సు తీసుకొని వలసపోయే కూలీ. మేస్త్రీ రెండు సీసాలు తెప్పించి వొకటి అతని ముందు పెట్టాడు. కూలీ ముట్టలేదు. “నా కల్లు నా పైసలతోనే తాగుత. ఇది గూడ నా లెక్కల రాస్తవు” అన్నాడు. మేస్త్రీ మొగం మాడిపోయింది. “నేను నీకు మేస్త్రీనే అయితినారా?” అన్నాడు. చాలాసేపు యిద్దరూ మాట్లాడుకోలేదు. చివరికి వొకే ఆకులో గుగ్గిళ్లు పంచుకొని తిన్నారు. మర్నాడు యిద్దరూ వొకే లారీ యెక్కి పనికి పోయారని తర్వాత తెలిసింది.

యీ దృశ్యంలో యేమి లేదు? అప్పు వున్నది, దోపిడీ వున్నది, ఆత్మగౌరవం వున్నది. అన్నిటికీ మించి, దోపిడీ చేసేవాడికీ దోపిడీకి గురయ్యేవాడికీ మధ్య తెగని స్నేహం వున్నది. మన నాటకాలకు యీ చివరిదే మింగుడుపడటం లేదు. మన రంగస్థలం మీద మేస్త్రీ మీసం మెలేసి వస్తాడు. కూలీ పిడికిలి బిగించి వస్తాడు. వాళ్లిద్దరూ చిన్నప్పుడు వొకే చెరువులో యీతకొట్టారని యెవరూ చెప్పరు. చెబితే పోరాటం పలచబడుతుందని మన భయం. నేనంటాను: చెప్పకపోవటంవల్లనే అది పలచబడుతున్నది. కాంపౌండులో కూచునేవాడు ఆ నాటకం చూసి, యిది తన కథ కాదని లేచిపోతాడు.

యీ భయం మనతోనే పుట్టలేదు. 1907లో డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో జాన్ మిల్లింగ్టన్ సింగ్ నాటకం ‘ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్’ ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులు అల్లరి చేశారు. అదీ పల్లె మద్యశాల కథే. తండ్రిని చంపానని చెప్పుకొన్నవాణ్ణి వూరు నెత్తిన పెట్టుకుంటుంది. మా ఐరిష్ రైతు యిట్లా వుండడని జాతీయవాదులు మండిపడ్డారు. వాళ్లు దేశద్రోహులు కారు, దేశభక్తులే. తాము పూజించే రైతుబొమ్మకూ, బతికివున్న రైతుకూ తేడా వున్నదని చూడలేకపోయారు. మా పెద్దాయన ఆవేశం కూడా ఆ జాతిదే.

మన సాహిత్యంలోనే చూడండి. 1909 నాటి ‘కన్యాశుల్కం’లో గురజాడ సారా దుకాణాన్ని రంగస్థలం మీదికి తెచ్చాడు. బైరాగి, హవల్దారు, దుకాణదారు వొకచోట చేరి మాట్లాడుతుంటే ఆనాటి సమాజపు గుట్టు రట్టయింది. ఆయన తాగుడును మెచ్చుకోలేదు. తాగేవాళ్ల మాట విన్నాడు. యీ రెంటికీ తేడా తెలియకపోతే విమర్శ అనవసరం.

వొక ఆక్షేపణకు మాత్రం నేను తలవంచి జవాబు చెప్పాలి. కల్లు కాంపౌండు ఐర్లండు మద్యశాల కాదు. మా జిల్లాల్లో కల్లు పేరుతో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపిన నీళ్లు అమ్మారు. 2015లో ప్రభుత్వం కల్తీని అరికట్టబోతే, ఆ మందుకు అలవాటుపడిన కూలీలు ఫిట్లు వచ్చి ఆసుపత్రుల పాలైనారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన స్త్రీల సారా వ్యతిరేకోద్యమాన్ని మరచినవాడు అభ్యుదయవాది కాడు. కాని ఆ స్త్రీలు యెవరిమీద తిరగబడ్డారు? సారా కాంట్రాక్టరు మీద, అతనికి కొమ్ముకాసిన ప్రభుత్వం మీద. పనినుంచి వచ్చిన మనిషి మరో మనిషితో కూచుని గోడు చెప్పుకోవటం మీద కాదు. విషం వ్యాపారిది, కూటమి ప్రజలది. ఆ కూటమిలో కూడా కులం చోట్లు పంచుతుందని నాకు తెలుసు. అయితే అదీ రంగస్థలం మీదికి రావలసిందే.

పైగా మా కాంపౌండులో ఆడవాళ్లూ కూచుంటారు. ఆ ఐరిష్ మద్యశాలలో వేలరీ అడుగుపెడితే ఆడవాళ్ల మరుగుదొడ్డి పనిచెయ్యదు. వైను పొయ్యటానికి తగిన గ్లాసు లేదు. మా పల్లెలో తట్టమోసి వచ్చిన ఆడకూలీ తన డబ్బుతో తన సీసా కొనుక్కుంటుంది. ఆమె యెదుట మగవాళ్ల అసూయలు యే రూపం తీసుకుంటాయో మెక్‌ఫర్సన్‌కు తెలియదు, మనకు తెలియాలి.

అట్లాగని ఆ నాటకాన్ని నేను నెత్తిన పెట్టుకోవటం లేదు. నీళ్లలో మునిగి చనిపోయిన తన కూతురి సంగతి వేలరీ చెప్పినప్పుడు అసూయలన్నీ కరిగిపోతాయి. పోగొట్టుకున్న ప్రేమనూ, ఆ దుర్దినాన వొక అపరిచిత దుకాణదారు తనకు పెట్టిన రొట్టెముక్కనూ జాక్ తలచుకుంటాడు. గొప్ప ఘట్టాలివి. కాని దుఃఖం అందరినీ సమానం చేసిన తర్వాత, ఫిన్‌బర్ హోటలు ఫిన్‌బర్‌కే వుంటుంది. రచయిత ఆ సంగతి మళ్లీ యెత్తడు. మన నాటకం మొదలుకావలసింది అక్కడే.

వియర్ అంటే ఆనకట్ట. ఆ మద్యశాల గోడమీద 1951లో విద్యుత్ సంస్థ కట్టిన ఆనకట్ట ఫోటో వేలాడుతుంటుంది. మన కాంపౌండు గోడమీద యే ఫోటో పెట్టాలో నా విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. పాలమూరు కూలీలు దేశమంతా ఆనకట్టలు కట్టారు. శ్రీశైలం జలాశయం కింద 1981లో కొల్లాపూర్, అలంపూర్ వైపు పల్లెలు మునిగిపోయాయి. మునిగిన వూరి మనిషీ, ఆనకట్టకు రాయిమోసిన మనిషీ, ఆ రాతికి కూలీలను తోలిన మేస్త్రీ — ముగ్గురూ వొకే చెట్టుకింద కూచుంటే, అక్కడ దయ్యాల కథలకు కొదవా? మునిగిన గుడిగంట రాత్రిపూట మోగుతుందని వొకడంటాడు. అది మూఢనమ్మకమని మనం లేచి వుపన్యసించనవసరం లేదు. ఆ గంట యెవరి కోసం మోగుతున్నదో పక్కవాడు అడిగేదాకా ఓపిక పట్టాలి.

మిత్రులారా, ప్రజలను ప్రేమించటమంటే వాళ్ల స్నేహాలతోపాటు వాళ్ల అసూయలను కూడా గౌరవించటం. యీ యేడు మా పిల్లలు ఆ ప్రతిపాదనను మళ్లీ తెస్తామంటున్నారు. యీసారి నేను మౌనంగా కూచోను.