కుషన్ ఊడిన హెడ్‌ఫోన్

స్పోకెన్ ఇంగ్లిష్ వినడానికి పిల్లలకు చెవులు మొత్తం కప్పే హెడ్‌ఫోన్ కొనొచ్చా అని మీటింగ్‌లో చాలామంది అడుగుతున్నారు. కొనండి. కానీ కొన్నాక అప్పుడప్పుడూ దాని కుషన్లు చూడండి.

నాది 2021లో బీఈడీ ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నది. స్పీకర్లు, వైరు ఇప్పటికీ బాగున్నాయి. కుషన్ల మీది రెక్సిన్ మాత్రం మన కంగ్టి ఎండలకు, చెమటకు రెండో ఏడాదికే ఊడింది. చెవుల నిండా నల్ల పొట్టే! చూడ్డానికి బాగోదు, వినడానికేం అని వదిలేశాను. అదే తప్పు. కుషన్ చెవి చుట్టూ సరిగా ఆనకపోతే బయటి మోత లోపలికొస్తుంది. ఫ్యాను, ట్రాక్టరు చప్పుళ్లను మించి వినబడాలని మనకు తెలియకుండానే సౌండ్ పెంచేస్తాం. సగం సౌండ్‌తో వినేదాన్ని, ఫుల్ పెట్టేదాకా వచ్చాను. కొత్త కుషన్లు వేశాక మళ్లీ సగమే సరిపోతోంది.

పిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వాళ్లకు 75 డెసిబెల్స్ సౌండ్‌తో వారానికి 40 గంటలే హద్దు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగానికి తగ్గుతుంది. అందుకే కుషన్లు విడిగా దొరకని మోడల్ ఎంత చవకైనా వద్దంటాను.

ఇంట్లో బాబో పాపో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే, పక్కన కూర్చున్న మీకు కూడా పాఠం వినబడుతోందా? ఆ రోజే కుషన్లు పట్టి చూడండి.